వెనక నుంచి ముందుకు: ఫ్లెమిష్ సంత చిత్రాన్ని చదివే పద్ధతి

పదహారో శతాబ్దంలో ఇప్పటి బెల్జియంలోని ఫ్లెమిష్ నగరం ఆంట్వెర్ప్‌లో గీసిన సంత చిత్రం ముందు నిలబడితే మొదట కనబడేవి కూరగాయల గుట్టలు, చేపలు, వేలాడే మాంసం. చాలామంది రెండు నిమిషాలు చూసి, ఎంత సహజంగా వేశాడో అనుకుని పక్క చిత్రానికి వెళ్లిపోతారు. అసలు సంగతి ఆ గుట్టల వెనక, చాలా చిన్న జాగాలో ఉంటుంది: ఒక గాడిద, దాని మీద ఒక తల్లి, ఆమె చేతిలో రొట్టె. అందుకే ఈ చిత్రాల్ని వెనక నుంచి ముందుకు చదవాలి. ముందు నుంచి మొదలుపెట్టినవాళ్లు ప్రతి క్యాబేజీకీ ఒక అర్థం అంటగడతారు, చివరికి వాటిలో ఒక్కటీ నిలబడదు.

ఈ పద్ధతిని నేర్చుకోవడానికి రెండు ఉదాహరణలు చాలు. ఒకటి పీటర్ ఆర్ట్‌సెన్ 1551లో వేసిన మాంసం అంగడి. రెండోది యోహాకిమ్ బ్యూకెలార్ 1569, 1570ల్లో వేసిన నాలుగు పెద్ద చిత్రాల వరస: భూమి, నీరు, గాలి, నిప్పు. ఆర్ట్‌సెన్ పుట్టింది ఆమ్‌స్టర్‌డామ్‌లో. ఆంట్వెర్ప్ వచ్చి 1535లో అక్కడి చిత్రకారుల సంఘంలో చేరాడు. బ్యూకెలార్ ఆయన భార్య తరఫు మేనల్లుడు, పని నేర్చుకున్నదీ ఆయన దగ్గరే. అప్పటి ఆంట్వెర్ప్ జనాభా దాదాపు లక్ష, ఆల్ప్స్ పర్వతాలకు ఉత్తరాన అంతటి వ్యాపార కేంద్రం మరోటి లేదు. సంతను బొమ్మకు వస్తువుగా చేసుకున్నది అలాంటి ఊళ్లో.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

ఫోన్ తెర మీద ఈ పని కుదరదు. బ్యూకెలార్ చిత్రం ఒక్కొక్కటి సుమారు 158 సెంటీమీటర్ల ఎత్తు, 215 సెంటీమీటర్ల వెడల్పు. దాన్ని 15 సెంటీమీటర్ల తెరకు కుదిస్తే, అసలు చిత్రంలో 10 సెంటీమీటర్లున్న మనిషి బొమ్మ 7 మిల్లీమీటర్లకు పడిపోతుంది. వెనక ఉన్న యేసు అప్పుడు ఒక చుక్క, అంతే. నాలుగు చిత్రాలూ లండన్‌లోని నేషనల్ గ్యాలరీవి. ఆ సంస్థ వెబ్‌సైటులో చిత్రాన్ని పెద్దది చేసి చూడొచ్చు, ల్యాప్‌టాప్‌లో తెరవండి. దానితోపాటు ఏ3 కాగితం మీద ఒక ప్రింటు, ఒక స్కేలు, పెన్సిలు, మత్తయి, లూకా, యోహాను సువార్తలున్న తెలుగు బైబిలు దగ్గర పెట్టుకోండి. ఒక్కో చిత్రానికి రెండు గంటలు కేటాయించండి. నాలుగూ ఒకే రోజు చూడాలనుకోవద్దు, మూడో చిత్రానికల్లా కళ్లు అలసిపోయి, కనబడని చోట మనమే ఊహించుకోవడం మొదలవుతుంది.

మొదటి మెట్టు: వెనక ఉన్న కథను పట్టుకోండి

ప్రింటును నిలువుగా నాలుగు, అడ్డంగా మూడు, మొత్తం 12 గళ్లుగా విభజించండి. తెర మీద ఒక్కో గడిని పెద్దది చేసి, తిండి పదార్థాల్ని పట్టించుకోకుండా, వాటి వెనక ఉన్న తలుపులు, తోరణాలు, వీధులు, వంతెనలు మాత్రమే వెతకండి. సంతలో అమ్మేవాళ్లు పదహారో శతాబ్దపు బట్టల్లో ఉంటారు. పొడవాటి పాతకాలపు వస్త్రాల్లో ఎవరైనా కనబడితే అక్కడ ఆగండి, బైబిలు కథ ఉన్నది అక్కడే.

భూమి చిత్రంలో కూరగాయల, పండ్ల సంత వెనక మరియ, యోసేపు పసిబిడ్డతో ఐగుప్తుకు పారిపోతుంటారు. అది మత్తయి సువార్త 2వ అధ్యాయం. నీరు చిత్రంలో చేపల సంత, తోరణం గుండా చూస్తే సముద్రం ఒడ్డున యేసు. గాలి చిత్రంలో కోళ్లు, పక్షులు అమ్మే సంత వెనక తప్పిపోయిన కుమారుడు ఆడవాళ్లతో కూర్చుని తండ్రి ఇచ్చిన ఆస్తిని తగలేస్తున్నాడు, లూకా 15. నిప్పు చిత్రం సంత కాదు, వంటిల్లు. వెనక గదిలో మార్త, మరియల ఇంటికి వచ్చిన యేసు, లూకా 10.

ఇక్కడే తెలుగు పాఠకులు తరచూ ఒక పొరపాటు చేస్తారు. భూమి, నీరు, గాలి, నిప్పు అనగానే మనకు పంచభూతాలు గుర్తొస్తాయి, ఐదోది ఆకాశం ఏ చిత్రంలో దాచాడా అని వెతుకుతాం. ఈ వరసలో ఐదోది లేదు. గ్రీకుల నుంచి యూరప్‌కు వచ్చిన లెక్కలో లోకంలోని పదార్థానికి మూలాలు నాలుగే. భూమి నుంచి కూరగాయలు, నీటి నుంచి చేపలు, గాలి నుంచి పక్షులు, నిప్పు వల్ల వంట, ఈ వరస అంతవరకే.

రెండో మెట్టు: అర్థాలు వద్దు, పేర్లు రాయండి

ఇప్పుడు ముందుభాగానికి రండి. కనబడే ప్రతి వస్తువు పేరూ ఒక పట్టీగా రాయండి, పక్కన సంఖ్య వేయండి. అర్థం జోలికి పోవద్దు. పేరు తెలియకపోతే "చదునైన చేప, రెండు కళ్లూ ఒకే వైపు" అని వర్ణించి వదిలేయండి. మన కోస్తాలో నాలుక చేప, టేకు చేప, మలుగు చూసినవాళ్లు నీరు చిత్రంలో వాటి బంధువుల్ని ఆకారాన్ని బట్టి గుర్తుపట్టగలరు. కాకపోతే అవి ఉత్తర సముద్రపు రకాలు, కాబట్టి మన పేరునే ఖాయం చేయకుండా "టేకు లాంటిది" అని రాసుకోండి.

చేపల్ని లెక్కపెట్టేటప్పుడు జాగ్రత్త. నీరు చిత్రంలో 12 రకాల చేపలున్నాయని, అవి 12 మంది శిష్యులకు గుర్తని ఒక వివరణ చాలాకాలంగా ఉంది. సరిచూద్దామని మొదలుపెట్టినవాళ్లకు ఒకసారి పది వస్తే మరోసారి పదిహేను వస్తుంది. కారణం మామూలుదే: కోసిన ముక్కను వేరే రకంగా లెక్కేస్తారు, లేదా బుట్టలో సగం మునిగిన చేపను వదిలేస్తారు. రకానికి ఒక రంగు పెన్సిలు పెట్టుకుని, తల ఆకారం, రెక్కలు, పొలుసు, ఈ మూడూ చూసి గుర్తు వేయండి. తల లేని ముక్కల్ని విడిగా రాసి, పొలుసును బట్టి చివర్లో కలపండి.

12 వచ్చింది అనుకుందాం. అంతమాత్రాన శిష్యులు అయిపోరు. వెనక ఉన్న దృశ్యాన్ని యోహాను 21తో పోల్చి చదవండి. పునరుత్థానం తర్వాత తిబెరియ సముద్రం ఒడ్డున యేసు కనబడిన ఘట్టం అది. అక్కడ పడవలో ఉన్న శిష్యులు ఏడుగురే, రెండో వచనంలోనే లెక్క ఉంది. వలలో పడ్డ చేపలు 153, పదకొండో వచనం. పన్నెండు అన్న సంఖ్య ఆ ఘట్టంలో లేదు. కనుక 12 రకాలకు శిష్యులతో సంబంధం ఉంటే అది మొత్తం శిష్యబృందంతోనే తప్ప ఈ కథతో నేరుగా కాదు. ఈ వివరణను "కావచ్చు" దగ్గర ఆపడమే న్యాయం. సంఖ్య దొరకగానే సంబరపడటం ఈ రంగంలో అన్నిటికంటే తేలికైన తప్పు.

మూడో మెట్టు: కథలోని ఒక మాటను ముందుభాగంతో ముడిపెట్టండి

ఘట్టం మొత్తం చదవండి, ఐదో పదో వచనాలు. ముందున్న సరుకుకు తగిలే మాట ఏదో వెతకండి. దీనికి నిప్పు చిత్రం అద్దంలాంటిది. యేసు ఇంటికొచ్చాడు. మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుని వింటోంది, మార్త పనిలో సతమతమవుతోంది. తెలుగు బైబిల్లో ఆమె గురించి ఉన్న మాట "విస్తారమైన పని". ఆ మాట పట్టుకుని ముందుభాగం చూడండి: మాంసం, కోళ్లు, గిన్నెలు, పొయ్యి, చేతులు ఖాళీ లేని ఆడవాళ్లు. చిత్రంలో ఎక్కువ భాగాన్ని మార్త పనే ఆక్రమించింది, మరియ ఎంచుకున్నది వెనక గదిలో ఓ మూలకు పోయింది. ఇక్కడ ప్రతీక ఒక వస్తువులో లేదు, ఆ కొలతల్లోనే ఉంది. చిత్రం ముందు నిలబడ్డ మనం కూడా మొదట మార్త వైపే చూశాం. ఎంపిక మన కళ్లకే పెట్టాడు.

గాలి చిత్రానికీ ఇదే పద్ధతి, కానీ అక్కడ భాష అడ్డొస్తుంది. ఆంట్వెర్ప్ వాళ్లు మాట్లాడే డచ్చిలో పక్షి అన్న మాట నుంచి పుట్టిన "వోహెలెన్" అనే క్రియకు ఆ రోజుల్లో శృంగారపు అర్థం ఉండేది. పక్షుల్ని చేత పట్టుకుని అమ్మే మనిషిని చూసిన ఆంట్వెర్ప్ వాడికి ఆ మాట తట్టకుండా ఉండదు. వెనక తప్పిపోయిన కుమారుడు ఆడవాళ్లతో ఉన్నాడు కాబట్టి ఆ శ్లేష ఇక్కడ అతికిందని చెప్పొచ్చు. గుమ్మడికాయ బొమ్మ చూస్తే మనకు భుజాలు తడుముకునే దొంగ గుర్తొస్తాడు. ఆ నవ్వు తెలుగు రానివాడికి ఎంత ఆరాటపడినా దొరకదు. వాళ్ల పక్షులూ అంతే, వాళ్ల భాషలోనే ఎగురుతాయి. అలాగే మనకు అపశకునమైన గుడ్లగూబ వాళ్ల బొమ్మల్లో తరచుగా మూర్ఖత్వానికి గుర్తు. మన అర్థాన్ని పక్కన పెట్టకుండా వాళ్ల అర్థం వినబడదు.

నాలుగో మెట్టు: రాతలు, తేదీలు, బోర్డులు

ఈ మెట్టు దగ్గర నిదానించాలి, ఆర్ట్‌సెన్ మాంసం అంగడి ఇక్కడే తెరుచుకుంటుంది. ఇది చెక్కపలక మీద వేసిన తైలవర్ణ చిత్రం. ఒకటికి మించి ప్రతులున్నాయి. స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయంలో ఒకటి, అమెరికాలో రాలీ నగరంలోని నార్త్ కరోలైనా కళా మ్యూజియంలో ఒకటి. రాలీ ప్రతి సుమారు 115 సెంటీమీటర్ల ఎత్తు, 169 సెంటీమీటర్ల వెడల్పు.

ముందంతా మాంసమే. ఒలిచిన ఎద్దు తల, దాని కన్ను సరిగ్గా మనవైపు. పంది తల, కాళ్లు, బోటీ, సాసేజ్‌ల దండలు, వేలాడే తొడలు. అంగడివాడు దాదాపు లేనట్టే, ఆ కన్నే మనల్ని పలకరిస్తుంది.

వెనక ఎడమవైపు గాడిద మీద మరియ. ఐగుప్తుకు పారిపోతూ కూడా ఆగి, దారిలో అడుక్కునే ఒక పిల్లవాడికి రొట్టె ఇస్తోంది. ఇది మత్తయి చెప్పిన ఘట్టంలో లేదు, చిత్రకారుడు చేర్చింది. మూలకథలో లేనిది బొమ్మలోకి వచ్చిందంటే అది కావాలని పెట్టిందే, ఇలాంటి చేర్పులకు ఎప్పుడూ ఎక్కువ బరువు ఇవ్వండి. కుడివైపు వెనక పానశాల లాంటి చోటు, తిని తాగుతున్న జనం, నేల మీద ఆల్చిప్పలు, కుండలో నీళ్లు నింపుతున్న మనిషి. ఆల్చిప్పల మాంసాన్ని అప్పట్లో కామోద్దీపకం అనేవారు. అంటే ఒక పక్క లేమిలో దానం, మరో పక్క కడుపు నిండా భోగం, మధ్యలో కొనుగోలుదారుడిగా మనం.

ఇప్పుడు తేదీ. ఇందులో రాసి ఉన్న తేదీ 1551 మార్చి 10. దాన్ని ఈస్టర్ లెక్కతో సరిచూడండి. ఈస్టర్ ఏ సంవత్సరమైనా మార్చి 22కు ముందు రాదు, ఏప్రిల్ 25 దాటదు. ఈస్టర్‌కు 46 రోజుల ముందు బూడిద బుధవారంతో తపస్సు కాలం మొదలవుతుంది, ప్రొటెస్టెంట్లు శ్రమల దినాలు అనేది దీన్నే. ఏప్రిల్ 25 నుంచి 46 రోజులు వెనక్కి వెళితే మార్చి 10. అంటే ఈస్టర్ ఎంత ముందొచ్చినా, ఎంత ఆలస్యమైనా, మార్చి 10 తపస్సు కాలంలోనే పడుతుంది. మాంసం ముట్టకూడని రోజుల తేదీ వేసి, కంటి నిండా మాంసం పరిచాడు. అదే చిత్రంలో ఉపవాసపు తిండి కూడా ఉందేమో చూడండి: పళ్లెంలో ఒకదాని మీద ఒకటి అడ్డంగా, సిలువలా పెట్టిన చేపలు, ముడివేసినట్టుండే ప్రెట్జెల్ రొట్టెలు. మాంసం గుట్టల మధ్య ఇవి అణిగిపోతాయి, ఇవి కనబడ్డాక మాత్రం వాటినే చూస్తూ ఉండిపోతాం. చేపల్ని సిలువ అనడానికి ఇక్కడ మూడు సాక్ష్యాలు దొరికాయి: అమరిక, తేదీ, వెనక ఉన్న మరియ.

కుడివైపు పైన ఒక బోర్డు ఉంది. దాని తాత్పర్యం ఇది: వెనక ఉన్న భూమి అమ్మకానికి, ఎవరికి కావలసినంత వారికి ముక్కలుగానైనా, లేదా 154 రూడ్లు ఒక్కమొత్తంగానైనా. రూడ్ అప్పటి భూమి కొలత. ఈ బోర్డు సువార్తకు చెందింది కాదు, ఊరి వ్యవహారం. ఆ రోజుల్లోనే ఆంట్వెర్ప్‌లో ఆసుపత్రి నడిపే సన్యాసినుల భూమిని నగర పాలకులు బలవంతంగా తీసుకోవడం మీద పెద్ద గొడవ జరిగింది, బోర్డు దాన్నే ఎత్తి చూపుతోందని పరిశోధకులు వాదించారు. అమ్మకానికి పెట్టింది మాంసమే కాదు, ధర్మసంస్థ భూమి కూడా. ఈ రాత చదవకుండా చిత్రాన్ని ఉత్త నీతిపాఠంగా చెప్పేవాళ్లు దాని కోపాన్ని వదిలేస్తున్నారు.

ఐదో మెట్టు: ఇద్దరు సాక్షులు లేనిది ప్రతీక కాదు

మీ పట్టీలో ఒక్కో వస్తువు ఎదురుగా ఈ ప్రశ్నలు వేసుకోండి. వెనక కథలో దీనికి పోలిక ఉందా? అమరిక మామూలు అంగడిలో ఉండే తీరుకు భిన్నంగా ఉందా? తేదీ, రాత, ఆ కాలపు నియమం ఏదైనా దీన్ని బలపరుస్తోందా? ఆ భాషలో ఈ వస్తువు పేరుకు రెండో అర్థం ఉందా? రెండింటికి అవును వస్తే ప్రతీక అని రాయండి. ఒకటే వస్తే "కావచ్చు". ఒక్కటీ రాకపోతే అది క్యాబేజీయే, బాగా గీసిన క్యాబేజీ. పట్టీలో సగానికి పైగా అలాగే మిగిలితే కంగారు పడొద్దు, సంత సంతలా కనబడాలంటే అవన్నీ కావాలి.

స్కేలు వాడేది ఇక్కడే. బల్లల అంచులు, నేల మీది పలకలు, గోడల పైగీతలు, కనీసం నాలుగింటిని పెన్సిలుతో పొడిగించండి. అవి కలిసే చోటు వెనక కథకు దగ్గరగా ఉంటే, చూపును అటు నడిపించాడనడానికి అదొక సాక్ష్యం. దూరంగా ఉంటే ఆ వాదన వదిలేయండి. గీతలు ఒక్కచోట కలవకపోతే ముందు మీ ప్రింటు వంకరగా తీయలేదని చూసుకోండి, ఫోన్‌తో ఏటవాలుగా తీసిన ఫొటోలతో ఈ పరీక్ష ఎప్పుడూ చెడుతుంది.

చెడగొట్టేవి

రంగుల మీద అర్థాలు కట్టొద్దు. ఆ కాలంలో చవకగా దొరికిన స్మాల్ట్ అనే నీలం, కోబాల్టు కలిపిన గాజును నూరి చేసేవాళ్లు. నూనెలో అది కాలక్రమంలో బూడిద, గోధుమ రంగుకు దిగిపోతుంది. బూడిదరంగు ఆకాశం చూసి విషాదమని రాసేముందు, అది ఒకప్పుడు నీలమేమో అని అనుమానించండి.

మనుషుల మీదా ఇదే జాగ్రత్త. బ్యూకెలార్ ఒక చిత్రంలో కుదిరిన బొమ్మను మరో చిత్రంలో మళ్లీ వాడేవాడు, భవనాలకు సెర్లియో అనే ఇటలీ వాస్తుశిల్పి ముద్రించిన నమూనాల్ని అందుకునేవాడు. కాబట్టి ఒక స్తంభమో, ఒక అమ్మకందారు చెయ్యి తిప్పిన తీరో ఈ చిత్రం కోసమే ఆలోచించిందని నమ్మకంగా చెప్పలేం. ఆయన ఇతర చిత్రాలు రెండు మూడు పక్కన పెట్టుకుని చూస్తే ఏది అరువో తెలుస్తుంది.

ప్రతీకల నిఘంటువుల్లో వెతికి అర్థం తెచ్చుకోవడం మరో గొయ్యి. చీజారే రీపా కూర్చిన ప్రసిద్ధ ప్రతీకల గ్రంథం మొదట అచ్చయింది 1593లో. ఆర్ట్‌సెన్ 1575లోనే పోయాడు. 1551 బొమ్మకు తాళంచెవిని నలభై ఏళ్ల తర్వాతి పుస్తకంలో వెతికితే ఎలా?

కాలాన్ని మాత్రం మరవొద్దు. 1566 ఆగస్టులో ఆంట్వెర్ప్ చర్చిల్లోని విగ్రహాల్ని, చిత్రాల్ని ప్రొటెస్టెంట్ సంస్కరణవాదులు ధ్వంసం చేశారు. ఆర్ట్‌సెన్ వేసిన చర్చి చిత్రాలు కూడా ఆ అలజడుల్లో నాశనమయ్యాయి. బ్యూకెలార్ నాలుగు చిత్రాలు ఆ తర్వాత మూడు, నాలుగేళ్లకు వేసినవి. యేసు సంత వెనకకు జరగడానికి ఆ విధ్వంసమే కారణం కాదు, ఆర్ట్‌సెన్ 1551లోనే ఆ పని చేశాడు. కానీ 1569లో ఆ చిత్రం చూసినవాడి మనసులో ఖాళీ అయిన చర్చి గోడలు మెదిలి ఉంటాయి.

రాసే పని

చివరగా చిత్రానికి మూడు వాక్యాలు రాయండి, అంతకు మించొద్దు. మొదటిది వెనక కథ, అధ్యాయంతో సహా. రెండోది ముందు సరుకుకూ కథకూ ఉన్న ముడి, ఇద్దరు సాక్షులతో. మూడోది "కావచ్చు" అనదగ్గ ఒకే ఒక్క సంగతి. నీరు చిత్రానికి ఇలా రావచ్చు: "తోరణం వెనక యోహాను 21లోని యేసు, శిష్యులకు కనబడుతున్నాడు. ఆ ఘట్టం చేపలు పట్టడం గురించే కాబట్టి, ఆ దృశ్యం సముద్రం ఒడ్డునే ఉంది కాబట్టి, ముందున్న చేపల బల్ల ఆ కథకు కొనసాగింపు. చేపల రకాలు 12 కావడం శిష్యబృందాన్ని సూచిస్తూ ఉండవచ్చు."

అసలు చిత్రాల దగ్గరకు వెళ్లే వీలుంటే ముందు మూడు మీటర్ల దూరంలో నిలబడి ఐదు నిమిషాలు చూడండి, తర్వాత గీత దాటకుండా ఎంత దగ్గరకు రానిస్తే అంత దగ్గరకు వెళ్లి వెనక దృశ్యం మాత్రమే చూడండి. రాలీ, క్యారీ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు మాంసం అంగడి కారులో కొద్ది దూరమే, ఆ మ్యూజియం శాశ్వత సేకరణకు టికెట్టు కూడా లేదు. పిల్లల్ని తీసుకెళితే ఎద్దు తల సంగతి ముందుగా చెప్పకండి. రొట్టె ఎవరి చేతిలో ఉందో, ఎవరి చేతికి వెళుతోందో వెతకమనండి.